వీరవేణి బ్యాటరీ వంతులు

పెయింట్‌బాల్ గ్రౌండులో పనికి చేరిన రోజున వీరవేణి అడిగిన ప్రశ్నల ధాటికి యజమాని ఉపేంద్ర భోజనం మూడు దాటితే గాని కాలేదు. ఈ ఉండల్లో ఏముంటుందండీ అని మొదలుపెట్టింది. రంగు అని చెప్తే, ఏం రంగు, బట్టకి అంటితే పోతుందా, కంట్లో పడితే ఏమవుతుంది అంది. ఒక ఉండని నేల మీద పెట్టి చెప్పుకాలితో తొక్కింది. పగిలిన రంగుని వేలితో తీసి వాసన చూసింది, అరచేతిలో రుద్ది చూసింది, కుళాయి దగ్గరికెళ్ళి కడిగి చూసింది. నీళ్ళకే పోయింది. నూనెలా జారుతోంది గాని నూనె కాదే అని తనలో తను అనుకుంది. ఆ తర్వాత ఆ ఉండల్ని పేల్చే తుపాకీ చేతికిస్తే చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపింది. అది కొబ్బరికాయ కాదండీ అని ఉపేంద్ర నవ్వాడు.

నవ్వితే నవ్వాడు గాని, ఆవిడ అలవాటు ఆవిడది. అంబాజీపేటలో ఒక కురిడీ కొట్టులో ఇరవై ఎనిమిదేళ్ళు కాయలు ఊపి బతికిన మనిషి. ముదురు కాయని పైన ఉన్న పీచు డొక్క తియ్యకుండా అటక మీద ఎనిమిది తొమ్మిది నెలలు వదిలేస్తే, లోపల నీళ్ళు వాటంతట అవే ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండ్రంగా నిలబడుతుంది. అదే కురిడీ. నీళ్ళు పూర్తిగా ఇంకాయో లేదో కాయని పగలగొడితే ఎవరైనా చెప్తారు. పగలగొట్టకుండా చెప్పాలి, అదీ పని. వీరవేణి కాయ తీసుకుని చెవి దగ్గర ఒక్క ఊపు ఊపి కుడివైపు వేసిందంటే అది లారీ ఎక్కాల్సిందే, ఎడమవైపు వేసిందంటే మళ్ళీ అటకెక్కాల్సిందే. షావుకారు కూడా ఆ వైపు నుంచి ఈ వైపుకి ఒక్క కాయ మార్చేవాడు కాదు.

చెవి మోసం చేసింది. యాభయ్యో ఏట ముందు ఎడమది మందగించింది. ఏం ఫరవాలేదులే, కుడిది ఉంది కదా అనుకుంది. ఆర్నెల్లకి కుడిదీ అదే దారి పట్టింది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే వినపడుతుంది గాని, కాయలోపల అడుగున మిగిలిన చెంచాడు నీళ్ళ చప్పుడు వినపడటం మానేసింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఓ లోడులో పచ్చికాయలు కలిసిపోయి, అవి ఎక్కడో దూరదేశంలో బూజుపట్టి, కబురు తిరిగొచ్చాక గాని సంగతి బయటపడలేదు. షావుకారు మర్యాదస్థుడు, పల్లెత్తు మాట అనలేదు. డొక్క తీసేవాళ్ళ దగ్గర కూర్చోమన్నాడు, అంతే. ఆవిడ కూర్చోలేకపోయింది. నిన్నటిదాకా తన మాట కోసం చేతిలో కాయ పట్టుకుని నిలబడిన వాళ్ళే ఇవాళ తనకి కాయలు విసురుతుంటే ఎవరు మాత్రం కూర్చుంటారు.

అలా ఓ ఏడాది ఇంటిపట్టున ఉండి, కూతురు మురమళ్ళలో తన ఇంటికి రమ్మంటే వెళ్ళకుండా, ఈ కొత్త పనికి వచ్చింది. ఉపేంద్ర అగ్రహారం కుర్రాడు. తాతలు వేదం చెప్పుకున్నారు, ఇతను కంప్యూటరు చదువుకుని, అమలాపురం వెళ్ళే దారిలో కాలువ గట్టున రెండెకరాల కొబ్బరితోట కౌలుకి తీసుకుని ఈ ఆట పెట్టాడు. చెట్ల మధ్య ప్లాస్టిక్ పీపాలు, పాత టైర్లు, తడికెలు. చుట్టూ వల. కాలేజీ పిల్లలు, ఆఫీసుల వాళ్ళు ఆదివారాలు వస్తారు, మొహాలకి మాస్కులు తగిలించుకుని పీపాల చాటున నక్కి ఒకరినొకరు రంగు ఉండలతో కొట్టుకుంటారు. డబ్బులిచ్చి మరీ దెబ్బలు తినడం ఏమిటని వీరవేణి మొదట విస్తుపోయింది. రెండు వారాలు చూశాక, దెబ్బ తగిలిన వాళ్ళే ఎక్కువ నవ్వుతున్నారని కనిపెట్టింది. ఎందుకలా అన్నది మాత్రం ఇప్పటికీ ఆవిడకి తేలలేదు.

మాస్కులు కడగడం, ఆట అయ్యాక తుపాకులు తుడవడం, ఉండలు నింపడం ఆవిడ పని. తుపాకీ నెత్తిన ఒక తొట్టి ఉంటుంది, దాన్ని హాపర్ అంటారు. రంగు ఉండలు అందులో పోస్తారు. అందులో చిన్న మోటారు తిరుగుతూ ఉండల్ని ఒక్కొక్కటిగా కిందికి నెడుతుంది. మోటారు ఆగితే ఉండలు ఒకదానికొకటి అడ్డంపడి ఇరుక్కుంటాయి, ఆడేవాడు తుపాకీని పట్టుకుని ఊపుకుంటూ కూర్చోవాలి, ఈలోగా ఎదుటివాడు కొట్టేస్తాడు. ఆ మోటారుకి నాలుగు పెన్సిల్ బ్యాటరీలు, గోడ గడియారంలో వేసే లాంటివి. హాపర్లు పన్నెండు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి అయిపోయిన బ్యాటరీలతో ఖాళీ రంగు డబ్బా ఒకటి సగం నిండేది.

ఆ డబ్బా దగ్గరే వీరవేణి చూపు ఆగిపోయేది. పైన చెక్కు చెదరలేదు, బరువు తగ్గలేదు, ఊపితే ఏమీ తెలియడం లేదు. మరి లోపల ఏం అయిపోయినట్టు? కొబ్బరికాయలో పారేసేది ఏమీ ఉండదు. డొక్క పీచుకి, చిప్ప బొగ్గుకి, ఆకు తడికెకి. ఇదేమిటి, పిట్ట ముక్కంత పని చేసి మొత్తానికి మొత్తం చెత్తలోకి పోతోంది? ఒకసారి ఎవరో తీయడం మర్చిపోయిన హాపర్‌లో బ్యాటరీ కారి, తెల్లటి పొక్కులు కట్టి, స్ప్రింగుని తినేసింది. దాన్ని చూశాక ఆవిడ ఇక ఊరుకోలేకపోయింది. తమ వీధిలోనే ఉండే స్టెల్లా టీచర్ గారి దగ్గరికి రెండు బ్యాటరీలు కొంగున కట్టుకుని వెళ్ళింది. స్టెల్లా హైస్కూల్లో ఫిజిక్సు చెప్తుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే సంతోషించే టీచరు.

స్టెల్లా ఓపిగ్గా చెప్పింది. ఇవి ఒకసారి వాడి పారేసేవి. ఛార్జి పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడుకునేవి వేరే ఉన్నాయి, చూడటానికి ఇలాగే ఉంటాయి. మా చర్చిలో తీగ లేని మైకుకి మూడేళ్ళ నించి అవే వేస్తున్నాం. వాటి జోరు వీటికంటే కాస్త తక్కువ, ఇది ఒకటిన్నర ఓల్టు అయితే అది ఒకటీ పాయింటు రెండు. మీ మోటారు ఆ జోరుకి తిరుగుతుందో లేదో కనుక్కోండి. ఊరికే పెట్టి ఉంచినా కొంచెం కొంచెం దిగిపోతుంటాయి, వాడే ముందురోజు ఛార్జి పెట్టుకోవాలి. ఆ చివరి మాట వీరవేణికి బాగా నచ్చింది. ఊరికే ఉన్నా లోపల ఇంకిపోయే వస్తువు అంటే తనకి తెలిసిన వస్తువే.

విన్నది విన్నట్టు ఉపేంద్రకి అప్పజెప్పింది. అతను ఫోనులో అరగంట చదువుకుని, ఫరవాలేదు తిరుగుతుందట అని ఇరవై నాలుగు తెప్పించాడు. ఆరు హాపర్లలో వేసి చూశారు. నెల రోజులు ఒక్కసారి కూడా మొరాయించలేదు. పక్కనున్న చిన్న రేకుల గదిలో బల్ల వేయించి, ఛార్జర్లు పెట్టించి, ఆ గది తాళంచెవి ఉపేంద్ర వీరవేణి చేతిలో పెట్టాడు. మీరు చెప్పబట్టే ఇది జరిగిందండీ, ఇక బ్యాటరీల సంగతి మీరే చూడాలి అన్నాడు. ఆవిడ ఆయ్, అలాగేనండి అని తాళంచెవి నడుముకి కట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఎవరో తన మాట మీద ఒక పని చేశారు. ఆ సంతోషంలో ఆ సాయంత్రం ఇంటికి ఆటో ఎక్కకుండా నడిచే వెళ్ళింది.

మిగతా ఆరు హాపర్లకి కూడా కావాలి కదా. విశాఖలో మూతబడిన ఒక గ్రౌండు సామాను అమ్ముతుంటే ఉపేంద్ర అందులోంచి మరో ఇరవై నాలుగు బ్యాటరీలు తెచ్చాడు. అదే రంగు, అదే సైజు. అంచుల దగ్గర మాత్రం కాగితం కాస్త అరిగి ఉంది. ఎన్నాళ్ళు వాడారో, ఎన్నాళ్ళు ఊరికే పడేశారో ఎవరికీ తెలియదు. కొత్తవీ అరిగినవీ కలిపి నలభై ఎనిమిది వీరవేణి బల్ల మీద పరుచుకుని కూర్చుంది. పన్నెండు హాపర్లకి వంతులు వెయ్యాలి.

వంతులు వెయ్యడంలో ఆవిడకి పేరుంది. కురిడీ కొట్టులో శనివారం సాయంత్రం పనివాళ్ళకి తలా నాలుగు కాయలు ఇచ్చేవారు. ఆ వంతులు వీరవేణే వెయ్యాలి, ఇంకెవరు వేసినా తగువు వచ్చేది. పెద్దవన్నీ ఒకరికీ చిన్నవన్నీ ఒకరికీ పడకుండా, ప్రతి వంతులోనూ రెండు పెద్దవి, రెండు చిన్నవి. కలగలుపు వంతు అంటే ఎవరూ నోరెత్తేవారు కాదు. ఇప్పుడూ అదే చేసింది. ప్రతి హాపర్‌కి రెండు కొత్తవి, రెండు అరిగినవి. ఏ పిల్లాడికీ మొత్తం పాతవే పడి ఆట పాడవకూడదు. పన్నెండూ మూతలు బిగించి, న్యాయంగా చేశానని తృప్తిగా చేతులు దులుపుకుంది.

ఆ ఆదివారం మూడు హాపర్లు అరగంటకే ఆగిపోయాయి. పై ఆదివారం అయిదు. పిల్లలు తుపాకుల్ని పట్టుకుని ఊపడం, మాస్కుల్లోంచి తిట్టడం, డబ్బులు వెనక్కి ఇమ్మనడం. ఉపేంద్ర మీటరు తెచ్చి ఒక్కొక్క బ్యాటరీకి ముల్లు తాకించి చూశాడు. ఛార్జరు మీంచి తీసినవి అన్నీ బాగానే ఉన్నట్టు చూపించింది. బ్యాటరీలు మంచివే అయితే ఇక మిగిలింది వాటిని చూసే మనుషులే కదా.

ఛార్జర్లు పెట్టే ప్లగ్గు దగ్గరే శ్యామ్ బాబు తన ఫోను కూడా పెట్టుకునేవాడు. శ్యామ్ బాబుకి నలభై అయిదు దాటాయి. అంబాజీపేట నించి కొబ్బరి లారీ తోలి తోలి, నడుము నొప్పితో మానేసి, ఇక్కడ ఆటకి రెఫరీగా చేరాడు. ఈల ఊదడం, దెబ్బ తగిలినవాణ్ణి బయటికి పంపడం అతని పని. వీరవేణిని అక్కా అని పిలిచేవాడు, ఇద్దరూ ఒకే గ్లాసుడు టీ రెండు చేసుకుని తాగేవాళ్ళు. ఒకసారి అతను ఫోను కోసం ఛార్జరు తీగ లాగెయ్యడం ఆవిడ చూసింది. ఉపేంద్ర అడిగినప్పుడు ఆ మాటే చెప్పింది. శ్యామ్ బాబు ఛార్జరు పీకేస్తాడండీ, పూర్తిగా ఎక్కకుండానే తీసేస్తున్నట్టున్నాడు.

ఉపేంద్ర అతన్ని ఆటకొచ్చిన పిల్లల ముందే కడిగేశాడు. ఛార్జి నిండి పచ్చలైటు వెలిగాకే తీశానండీ అని శ్యామ్ బాబు రెండుసార్లు చెప్పాడు. ఆ రోజు నించీ రేకుల గది వైపు రాలేదు. టీ కాలువ గట్టు మీద ఒక్కడే తాగాడు. వీరవేణి ఎదురుపడితే ఈల మెడలో సర్దుకుంటూ పక్కకి తప్పుకునేవాడు.

ఆవిడకి బాధ కలగలేదా అంటే కలిగింది. కాని తప్పు చేసినవాడికి కోపమేమిటి అనుకుంది.

చిక్కేమిటంటే, అతను గది వైపు రాకపోయినా మూడో ఆదివారం ఏడు హాపర్లు ఆగిపోయాయి. ఉపేంద్ర ఆ సాయంత్రం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడకి వినపడేలా నెమ్మదిగా, మర్యాదగానే చెప్పాడు. వచ్చే ఆదివారం ఇంజనీరింగ్ కాలేజీ పోటీలు, పొద్దుటి నించి సాయంత్రం దాకా పన్నెండు తుపాకులూ దిగకుండా ఆడాలి. ఆ రోజు గాని హాపర్లు ఆగాయంటే మళ్ళీ పారేసే బ్యాటరీలే, ఈ గది ఇంకెవరికైనా అప్పజెప్తాను, మీరు మునుపటిలా మాస్కులు కడుగుదురు గాని. వీరవేణి తలూపింది. జీతం తగ్గదని కూడా అతనే చెప్పాడు. ఆవిడ భయం జీతం గురించి కాదు. రెండోసారి డొక్కల దగ్గరికి పంపిస్తున్నారు, అదీ సంగతి.

అతను వెళ్ళాక ఆగిపోయినా ఇంకా స్విచ్చి వేసే ఉన్న హాపర్ల మూతలు ఒక్కొక్కటే విప్పింది. బ్యాటరీలు చేతిలోకి వంపుకుంటే రెండు చురుక్కుమన్నాయి, రెండు గోరువెచ్చగా ఉన్నాయి. మరో హాపర్ విప్పింది. అందులోనూ రెండు వేడి, రెండు కాదు. మూడోదీ అంతే. వేడిగా ఉన్నవాటిని కొంగుతో పట్టుకుని వెలుతురులో చూస్తే అన్నీ అంచు కాగితం అరిగినవే. ఇంతవరకూ చెవితో, కంటితోనే వెతికింది, చెయ్యి ఇంత మాట చెప్తుందని అనుకోలేదు. భయం ఉండాల్సిన చోట ఆవిడకి ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. ఎందుకు అరిగినవే వేడెక్కాలి?

సోమవారం సాయంత్రం స్టెల్లా ఇంటి అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. మీటరు అన్నీ బాగున్నాయంటోందండీ, మరి ఎందుకు ఆగుతున్నాయి అని అడిగింది. స్టెల్లా, ఉట్టి మీటరుతో చూస్తే వాటికి పనేమీ ఉండదు కదండీ, నీడలో కూర్చున్నవాణ్ణి ఒంట్లో బాగుందా అని అడిగితే బాగుందనే అంటాడు, బరువు నెత్తికెత్తి చూడాలి అంది. మర్నాడు హెడ్మాస్టరు గారిని అడిగి, ఒక్క బ్యాటరీకే వెలిగే చిన్న బల్బులు ఎనిమిది, తీగలతో సహా స్కూలు లేబులోంచి తెచ్చి ఇచ్చింది.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి వీరవేణి రేకుల గదిలో ఎనిమిది బల్బులు వరసగా వెలిగించింది. నాలుగు అరిగిన బ్యాటరీల మీద, నాలుగు కొత్తవాటి మీద. మాస్కుల అట్టపెట్టె చింపి దాని వెనక టైము రాసుకుంది. అన్నీ ఒకేలా వెలుగుతున్నాయి. అరగంట గడిచినా ఒకేలా వెలుగుతున్నాయి. ఆవిడ కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. నూనె అయిపోతున్న దీపం మెల్లమెల్లగా కొండెక్కుతుంది, ఇవీ అలాగే అనుకుంది. కాదు. నలభయ్యో నిమిషందాకా నిండుగా వెలిగిన బల్బు రెండు మూడు నిమిషాల్లో ఎర్రబడి ఆరిపోయింది. దాని వెనకే రెండోది, మూడోది. పది దాటేసరికి అరిగినవాటిలో ఒక్కటే మిగిలింది. కొత్తవి నాలుగూ ఆవిడ భోజనం చేసి వచ్చినా వెలుగుతున్నాయి, మూడింటికీ వెలుగుతున్నాయి.

శుక్రవారం సాయంత్రానికి నలభై ఎనిమిదీ తేలిపోయాయి. కొత్తవి ఇరవై నాలుగూ ఇంచుమించు ఆరేసి గంటలు. అరిగినవాటిలో ఎనిమిది మూడేసి గంటలు, పదహారు గంట కూడా నిలవలేదు. మధ్యలో శ్యామ్ బాబు ఒకటి రెండుసార్లు గుమ్మం ముందునించి వెళ్తూ ఆ దీపాల వరసని చూశాడు. చూసి కాలువ గట్టు వైపు వెళ్ళిపోయాడు.

అంతా తేలాక కూడా వీరవేణికి ఒక ముడి విడలేదు. పాతవి చచ్చుబడ్డాయి, సరే. ప్రతి హాపర్‌లోనూ రెండు గట్టివి ఉన్నాయి కదా, అవేం చేస్తున్నట్టు? నలుగురిలో ఇద్దరు కూర్చుండిపోతే మిగతా ఇద్దరూ సగం పనైనా చెయ్యాలి కదా? హాపర్ మూత విప్పి లోపల చూసింది. బ్యాటరీలు ఒకదాని తోకకి ఒకటి తల ఆనించి ఉన్నాయి. ఒకదానిలోంచి వచ్చింది రెండోదానిలోంచే పోవాలి, వేరే దారి లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, అటక మీంచి లారీ దాకా ఆడవాళ్ళు వరసగా నిలబడి గంపలు చేతులు మార్చుకోవడం. నడిమనిషికి నీరసం వస్తే పక్కవాళ్ళు ఎంత గట్టివాళ్ళయినా గంప ముందుకి పోదు. పైగా వెనకవాళ్ళు తోసుకొస్తుంటే ఆ నీరసపు మనిషే నలిగిపోతుంది. అరిగిన బ్యాటరీ అందుకే వేడెక్కుతోంది.

ఊహ సరైనదో కాదో తెలుసుకోకుండా ఉండలేక స్టెల్లాకి ఫోను చేసింది. స్టెల్లా అంతా విని, నేను తరగతిలో చెప్పేదీ ఇదేనండి, గంపల సంగతి నాకు తెలియదు గాని అని నవ్వింది. అసలు రెండు రకాలు ఎప్పుడూ కలపకూడదండీ, ఎవరు కలిపేరు అని అడిగింది. వీరవేణి ఫోను పెట్టేసింది.

తనే కలిపింది. పాతవన్నీ ఒకచోట వేసి ఉంటే ఆరు హాపర్లు పాడయ్యేవి, ఆరు నిక్షేపంగా తిరిగేవి. ఎవరికీ అన్యాయం జరగకూడదని వంతులు వేసి పన్నెండింటినీ పాడు చేసింది. కాయలకి ఎంత మంచి పద్ధతి, వీటికి అంత చెడ్డ పద్ధతి అయింది. అంతకంటే పెద్ద సంగతి, దీనికీ శ్యామ్ బాబు ఫోనుకీ ఏ సంబంధమూ లేదు. అతను చెప్పింది నిజం. పచ్చలైటు వెలిగాకే తీశాడు.

శనివారం ఉపేంద్రకి సగమే చెప్పింది. పాతవాటిలో పదహారు చచ్చుబడ్డాయండీ, బల్బులు పెట్టి కనిపెట్టేను, మిగతావి జోరుని బట్టి విడివిడిగా జతలు కట్టేను, ఎనిమిది హాపర్లకి వస్తాయి, నాలుగింటికి రేపటికి పారేసేవి తెప్పించండి. ఉపేంద్ర విశాఖ వాళ్ళని తిట్టుకున్నాడు. అట్టముక్క మీది టైములు చూసి మురిసిపోయాడు. చెప్పిందంతా నిజమే, ఒక్క అబద్ధం లేదు. వంతుల మాటా, శ్యామ్ బాబు మాటా మాత్రం రాలేదు. పోటీలు అయ్యాక చెప్పొచ్చులే అనుకుంది. అయ్యాక చెప్పే ఉద్దేశం ఎంతవరకు ఉందో ఆవిడ తనని తను అడుక్కోలేదు. ప్రతిదానికీ ప్రశ్న వేసే మనిషి ఆ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదికి మొదలైన పోటీలు సాయంత్రం అయిదు దాకా సాగాయి. ఒక్క హాపర్ ఆగలేదు. మధ్యాహ్నం విరామంలో వీరవేణి అన్నిటి మీదా చెయ్యి పెట్టి చూసి, మూడేసి గంటలే నిలిచే జతలు రెండింటినీ తీసేసి పారేసేవి ఎక్కించింది. పిల్లలు తలనించి పాదం దాకా రంగుల్లో మునిగి, కాలువ దగ్గర కడుక్కుని, వచ్చే నెల మళ్ళీ వస్తామని చెప్పి బస్సులెక్కారు.

ఉపేంద్ర ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించి రేకుల గది ముందు నిలబడి, ఇవాళ పరువు దక్కిందంటే వీరవేణి గారి వల్లే అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. అంతలో అతను శ్యామ్ బాబు వైపు తిరిగి, చూసేరా, మీరు ఛార్జర్ల మీద చెయ్యి వెయ్యడం మానేసేరు, అన్నీ దార్లోకొచ్చేయి అన్నాడు. మాట సరదాగానే అన్నాడు. శ్యామ్ బాబు సీసా మూత తీస్తున్నవాడల్లా ఆగి, మళ్ళీ తియ్యడం మొదలుపెట్టాడు.

వీరవేణి చేతిలోని సీసా గుమ్మం పక్కన పెట్టేసింది.

"ఆయన ఏమీ చెయ్యలేదండీ. తప్పు నాది. పాతవీ కొత్తవీ నేనే కలిపి వంతులేసేను. కాయల్లా అనుకున్నాను. ఆయన మీద మీకు చెప్పింది కూడా నేనే కదండీ."

మొదలుపెట్టాక ఆపుకోలేదు. గంపల వరస సంగతి, వేడెక్కిన బ్యాటరీల సంగతి, శుక్రవారమే తెలిసీ నిన్న సగమే చెప్పిన సంగతి, కొట్టులో చెవి పోయినప్పుడు కూడా ఇలాగే దాచుకున్న సంగతి, అన్నీ చెప్పేసింది. ఉపేంద్ర మొహంలో సంతోషం ఎటో పోయింది. రెండు వారాలు ఒక పెద్దమనిషిని ఊరికే దోషిని చేసేనా అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. శ్యామ్ బాబు దగ్గరికెళ్ళి క్షమించమని అడిగాడు. తర్వాత వీరవేణి వైపు చెయ్యి చాచాడు. ఆవిడ నడుముకి కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చేసింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇది ఇలాగే అవుతుందని తెలిసే నోరు విప్పింది. ఉపేంద్ర ఆ తాళంచెవి శ్యామ్ బాబుకి ఇవ్వబోయాడు, రేపటి నించి బ్యాటరీలు మీరు చూసుకోండి అన్నాడు.

శ్యామ్ బాబు అందుకోలేదు. ఈల తాడు వేలికి చుట్టుకున్నాడు.

"నాకొద్దండి. అక్కకి మీరు దండ వేసినంత పని చేసేరు ఇందాక. ఆ టైములో నేనైతే చెప్పేవాణ్ణి కాదండి. నలుగురి ముందు అస్సలు చెప్పేవాణ్ణి కాదు."

తాళంచెవి ఉపేంద్ర చేతిలోనే ఉండిపోయింది. అతను ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దాన్ని గదిలో బల్ల మీద పెట్టి, వెళ్ళి కారు స్టార్టు చేసుకున్నాడు. మీలో మీరు చూసుకోండి అనో, రేపు మాట్లాడదాం అనో ఏదో అన్నాడు. వీరవేణికి సరిగా వినపడలేదు.

శ్యామ్ బాబు గదిలోకి వెళ్ళాడు. రెండు వారాల తర్వాత ఆ గుమ్మం దాటడం అదే. బల్ల మీద పడి ఉన్న బల్బుల్లోంచి ఒకటి తీసుకుని, తీగని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది బ్యాటరీకి ఎలా తగిలించాలో చెప్పండక్కా," అన్నాడు.

వీరవేణికి ముందు సిగ్గేసింది. సంతోషం కూడా కలిగింది గాని, సిగ్గు తర్వాతే. తను అతని కోసం ఒక్క మాట అనాల్సిన రోజున అతని మీదే మాట వేసింది, అతను ఇవాళ తన కోసం నలుగురి ముందు మాట్లాడాడు. క్షమించమని అడగాలనుకుంది. గడప దగ్గర నించి లోపలికొచ్చి, తాళంచెవి పక్కకి జరిపి, స్టూలు అతని వైపు తోసి, తీగ కొన బ్యాటరీ అడుక్కి ఆనించి పట్టుకోమంది. బల్బు వెలిగింది. ఎంతసేపు చూడాలి అని అతను అడిగాడు. ఆరిపోయేదాకా అని చెప్పి, ఆవిడ కూడా పక్కనే కూర్చుంది.